ఇరవై ఒకటో పూత

ఆ ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ ఆమె పూతక్క. గేటు దగ్గర కాపలా కాసే మనిషి నుంచి పైఅంతస్తులో కూర్చునే మేనేజరు దాకా, ఆమె కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా, పూతక్కా అనే పిలుస్తారు. పూత పూయడం ఆమె పని. పనిని బట్టి పేరు పెట్టడానికి ఆ ఫ్యాక్టరీవాళ్ళు పెద్దగా బుర్రలు బద్దలు కొట్టుకున్నట్టు లేదు గానీ, పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది.

ఏం పూత అంటారా? ప్లాటినం పూత. మీ కనుబొమలు పైకి లేచాయని నాకు తెలుసు. ఫ్యాక్టరీ చూడటానికి వచ్చే ప్రతివాళ్ళవీ లేస్తాయి. "అమ్మో, ప్లాటినమే! నగలు చేస్తారే, అదేనా?" అని అడగనివాళ్ళు ఇంతవరకూ ఆ గుమ్మం తొక్కలేదు. పూతక్క ఆఁ అదే అని తలూపి, మొహానికి ముసుగు తగిలించుకుని తన పనిలో తాను పడిపోతుంది. నగల మాటెత్తితే ఆమెకు ఒళ్ళు మంట. మెడలో వేలాడుతూ కూర్చోవడం తప్ప మరో పని చెయ్యని ప్లాటినం మీద ఆమెకు ఏ కోశానా గౌరవం లేదు. ఆమె చేతి ప్లాటినం ఒళ్ళు వంచి పనిచేస్తుంది మరి.

ఆ పనేమిటో కూడా చెప్పేస్తాను. ఎండ నుంచీ గాలి నుంచీ తీసిన కరెంటును నీళ్ళలోకి పంపితే, నీళ్ళు విడిపోయి ఒకవైపు హైడ్రోజన్, ఇంకోవైపు ఆక్సిజన్ వస్తాయి. పొగ లేదు, మసి లేదు. ఆ రెండూ కలిసిపోకుండా మధ్యలో ఒక పలచటి పొర అడ్డం పెడతారు. చూడటానికి పుస్తకాలకు అట్టలేసే ప్లాస్టిక్ కాగితంలా ఉంటుంది. హైడ్రోజన్ వచ్చే వైపు దానికి ప్లాటినం పూత ఉంటే పని చులాగ్గా సాగుతుంది. లేకపోతే ఎంత కరెంటు పోసినా మొండికేస్తుంది. రెండో వైపు వేసేది వేరే లోహం, దాని గది వేరు, ఆ గదివాళ్ళ గొప్పలు వేరు. మనకు అనవసరం.

చిక్కల్లా ఏమిటంటే ప్లాటినం దొరకదు. భూమ్మీద కొద్దిచోట్లే ఉంది, అక్కడ కూడా టన్నుల కొద్దీ రాయి పగలగొడితే చిటికెడు వస్తుంది. అందుకని ఉన్నదాన్ని ఎంత పొదుపుగా వాడితే అంత ఎక్కువ యంత్రాలు చెయ్యొచ్చు. ఆ పొదుపు ఎక్కడో లెక్కల కాగితం మీద జరుగుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. పూతక్క మణికట్టు దగ్గర జరుగుతుంది.

ఈ విద్య ఆమెకు చదువుతో రాలేదు. వాళ్ళ నాన్న కార్లకు రంగులేసే షెడ్డు నడిపేవాడు. బడి వదలగానే పుస్తకాల సంచి గుమ్మంలో పడేసి, స్ప్రే గన్ను పట్టుకునేది. సొట్టలు పడి, గీతలు పడి ఈసురోమంటూ వచ్చిన బండి ఆయన చేతిలోంచి వెళ్ళేటప్పుడు నిన్నే కొన్నట్టు మెరిసేది. చేయి తిరిగిన మేస్త్రి. నోరు అంతకు రెట్టింపు తిరిగింది. తాను పొరబడ్డానని ఆయన ఒప్పుకోగా విన్న మనిషి లేడు. రంగు కారితే సామాను మంచిది కాదనేవాడు. సామాను మంచిదే అయితే వాతావరణం బాగాలేదనేవాడు. రెండూ బాగుంటే బండిగలాయన తొందరపెట్టాడనేవాడు.

ఆయన నేర్పినవాటిలో ఒకటుంది. వెయ్యాల్సిన రంగు కోట్లన్నీ వేశాక, గన్ను కింద పెట్టే ముందు, అంచుల వెంబడి ఒక్కసారి నిదానంగా, చిక్కగా చుట్టు తిప్పి రావాలి. "తుప్పు ఎప్పుడూ అంచు దగ్గరే కన్ను తెరుస్తుందే. చుట్టు తిప్పకుండా గన్ను దించావో, చెయ్యి విరగ్గొడతా" అనేవాడు. మరి దాన్ని కూడా కోటు కింద లెక్కపెట్టాలా అని కూతురు అడిగితే, "అది కోటు కాదు, మర్యాద" అనేవాడు. మర్యాదకు లెక్కేముంది? అలా ఆ చుట్టు లెక్కకు రాకుండా ఆమె చేతిలో ఉండిపోయింది.

తరవాత తరవాత కార్ల కంపెనీలు సొంతంగా రంగుల గదులు పెట్టుకున్నాయి. థిన్నరు పీల్చీ పీల్చీ నాన్న ఊపిరితిత్తులు మొరాయించాయి. షెడ్డు మూతపడింది. అప్పటికి ఆమెకు నలభై నాలుగేళ్ళు. స్ప్రే పని తెలిసినవాళ్ళు కావాలని ఈ ఫ్యాక్టరీ గేటుకు బోర్డు కడితే, వెళ్ళి నిలబడింది.

మొదటి రోజే గొడవ పెట్టుకుంది. గాజు గోడల గది. మధ్యలో వేడి బల్ల, కింది నుంచి గాలి పీలుస్తూ పొరను కదలకుండా పట్టుకుంటుంది. నల్లటి ప్లాటినం ద్రావకాన్ని గన్నులో నింపుకుని ఒకాయన అడుగున్నర దూరం నుంచి, పెరట్లో మొక్కలకు నీళ్ళు కొట్టినట్టు కొడుతున్నాడు. సగం నలుపు పొర మీద పడుతోంది, సగం ఫ్రేము మీదా ఫ్యానులోకీ పోతోంది. పూతక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇదేం పనండీ? పూత పొరకు వేస్తున్నారా, గాలికి వేస్తున్నారా?"

ఆయన గన్ను ఆమె చేతిలో పెట్టి, "నువ్వు వెయ్యి చూద్దాం" అన్నాడు. వెటకారంగానే అన్నాడు. ఆమె గన్నును జానెడు దూరానికి తెచ్చింది. గాలి ఒత్తిడి తగ్గించింది. గన్ను ముక్కు విప్పి సన్నది బిగించింది. నెల తిరిగేసరికి, పదింట ఐదు వంతులు వృథా అయ్యే ద్రావకం ఒక వంతుకు లోపే ఆగిపోయింది. ఆ ఒక్క వంతును కూడా ఆమె వదల్లేదు. గన్ను తుడిచిన గుడ్డ, ఫ్రేము తుడిచిన గుడ్డ, పాడైన పొర, అన్నీ ఎర్రమూత పీపాలో పడాలి. అవి ఆసిడ్ గదికి వెళితే ప్లాటినం మళ్ళీ బయటికి వస్తుంది. కొత్తగా చేరిన ఒకతను నల్లబడ్డ చేతుల్ని ప్యాంటుకు తుడుచుకుంటే, "విప్పి పీపాలో వెయ్యి బాబూ, ప్యాంటుతో సహా" అంది. అతను నిజంగానే భయపడ్డాడు.

అలా ఆరేళ్ళు గడిచాయి. పూతక్క చెయ్యి పడిందంటే చూడక్కర్లేదు అనే మాట స్థిరపడిపోయింది. ఆ మాట ఆమె చెవిన పడ్డప్పుడల్లా విననట్టు ఉండేది. ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నకు మాత్రం పొల్లుపోకుండా చెప్పేది.

అప్పుడు వచ్చింది ఇంజనీరమ్మాయి. ముప్పై ఇంకా నిండలేదు, గుండ్రటి కళ్ళద్దాలు, మాట మెల్లగా, పట్టు ఉడుంపట్టు. వచ్చిన వారానికే పూతక్క పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"అక్కా, మనం వేసే పూతలో నాలుగో వంతు వేస్తే చాలు."

"నాలుగో వంతేమిటమ్మా! గాజులోంచి చూసినట్టు ఉంటుంది."

"ఉండనీయండి. పైన ఉండి నీళ్ళను తాకే ప్లాటినమే పనిచేస్తుందక్కా. లోపల ముద్దగా ఉన్నది ఊరికే ఉంటుంది."

పూతక్కకు వెంటనే అర్థమైంది. లారీ నుంచి బీరువా దించుతుంటే నలుగురు మోస్తారు, పదిమంది చుట్టూ చేరి అటు తిప్పు ఇటు తిప్పు అంటారు. ఇన్నేళ్ళూ తాము ఆ పదిమందిని కూడా పొర మీద కూర్చోబెట్టి మేపుతున్నారన్నమాట. ఇంజనీరమ్మాయి రెండేళ్ళు కష్టపడి కొత్త పొడి తయారుచేసింది. ప్లాటినాన్ని అతి చిన్న రేణువులుగా చేసి, మసిపొడి మీద దేనికది విడివిడిగా నిలబెట్టింది. ఏదీ ఇంకోదాని చాటున దాక్కోకుండా అన్నీ పనిలోకి దిగాలి. పాత పద్ధతిలో ఒక్కో పొర మీద గన్నును ఎనభై సార్లు ఆడించి ఎనభై కోట్లు వెయ్యాలి. కొత్తదానికి ఇరవై.

ఇందులో ఊరికే ముచ్చట కోసం చేసింది ఏమీ లేదు. ఒక ఎరువుల ఫ్యాక్టరీ పొగ రాని హైడ్రోజన్ కోసం పదహారు యంత్రాలు అడిగింది. దొరికిన ప్లాటినం పాత పద్ధతిలో నాలుగింటికి వస్తుంది. పలచటి పూత నిలిస్తే పదహారూ ఇవ్వొచ్చు. నిలవడమంటే, పరీక్ష గదిలో పొరలను యంత్రంలో బిగించి, వెయ్యి గంటలు ఆపకుండా నడిపితే తెర మీద గీత కదలకుండా ఉండాలి. దాదాపు నలభై రెండు రోజులు.

మొదటి విడత పొరలకు తొమ్మిదో రోజున గీత పైకి లేచింది. అంటే అదే పనికి ఎక్కువ కరెంటు తాగుతోందన్నమాట. రెండో విడత పదకొండో రోజున లేచింది. అందరూ ఇంజనీరమ్మాయి మీద పడ్డారు. ఇంత పలచగా వేస్తే ఎక్కడ నిలుస్తుందని మేం అప్పుడే అన్నాం అన్నారు. ఒట్టు, అప్పుడు ఒక్కడూ అనలేదు. పాడైన ప్రతి పొర మధ్యలోంచి నాణెమంత ముక్క కోసి ఆ పిల్ల సూక్ష్మదర్శిని కింద పెట్టేది. అంతా సవ్యంగానే కనిపించేది. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తియ్యడం కూడా మానేసింది. చివరికి మేనేజరు పిలిచి, "ఇంకొక్కసారి చూద్దాం. అదీ పోతే పాత పద్ధతే. ఆ నాలుగు యంత్రాలే ఇస్తాం" అని తేల్చేశాడు. లోపం నా మిశ్రమంలోనే ఉంది, జిగురు పాళ్ళు మార్చి మూడో విడత చేస్తాను అని ఇంజనీరమ్మాయి రాసిచ్చింది. రెండేళ్ళ కష్టం ఆ కాగితం మీద ఆనింది.

ఆ సాయంత్రం నాలుగింటికి పూతక్క పాడైన పొరలను ఎర్రమూత పీపాలో వేస్తోంది. వేసే ముందు ఒక పొరను అలవాటుగా కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టింది. రంగు సమంగా పడిందో లేదో వెలుతురుకు పెట్టి చూడటం షెడ్డు నాటి అలవాటు; ఎనభై కోట్ల నలుపులోంచి వెలుతురు రాదు కనక ఇక్కడ ఇన్నేళ్ళూ మూలపడింది. కోసిన చిల్లు వదిలేస్తే మధ్యంతా లేత బూడిదరంగు, ఎంత సమంగా ఉందంటే ఆమెకే ముచ్చటేసింది. అంచుల వెంబడి మాత్రం నాలుగు వైపులా వేలెడు వెడల్పున నల్లటి పట్టీ. ఆ పట్టీ అంతా ఎండిన బురదలా బీటలు. అక్కడక్కడా పెచ్చులూడి పొర తెల్లగా కనపడుతోంది.

ఇంకోటి ఎత్తింది. అంతే. ఇంకోటి. ఆ విడత పన్నెండూ అంతే.

పీపా మూత పెట్టేసి, ఖాళీ గన్ను తీసి ఖాళీ బల్ల ముందు నిలబడింది. అటూ ఇటూ ఇరవై సార్లు ఆడించింది. ఇరవై అని నోటితో అనేసరికి చెయ్యి ఆగలేదు. తన మానాన తాను బల్ల అంచుల వెంబడి ఒక చుట్టు తిరిగి వచ్చి, అప్పుడు దిగింది.

పాత పూతకు ఎనభై కోట్ల మీద ఆ చుట్టు ఒక లెక్కా? నల్లటిదాని మీద నలుపు కనపడేది కాదు, ఏ హానీ చేసేది కాదు. ఇరవై కోట్ల పలచటి పూత అలా కాదు. ఆరిన అంచు మళ్ళీ తడిసి ముద్దై, ఎండుతూ బీటలిచ్చింది. లోపల హైడ్రోజన్ బుడగలు వచ్చి ఆ బీటల్లో దూరి పెచ్చులు ఊడదీశాయి. పొరలను తూచేవాళ్ళకు కూడా ఇది అందదు, ఎందుకంటే ఆ పొర గాలిలో చెమ్మను పీల్చి బరువు మారుతూనే ఉంటుంది. కాగితం మీద ఇరవై అని రాసి ఉంది. రాసింది కూడా ఆమే. అబద్ధం రాయలేదు. మర్యాదను లెక్కపెట్టలేదు, అంతే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆమె నోరు మూసుకుని ఉంటే ఈ సంగతి దేవుడికి కూడా తెలిసేది కాదు. చెయ్యి అదుపులో పెట్టుకుని మూడో విడత వేసేస్తే సరిపోయేది అని ఆమెకూ తోచింది. కానీ మూడో విడతకు మిశ్రమం మారిపోతోంది. మంచిదాన్ని పాడు చేసుకోబోతోంది ఆ పిల్ల, అదీ తాను చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని. ఇటు చూస్తే ఇన్నేళ్ళ పేరు. పూతక్క చెయ్యి పడిందంటే చూడక్కర్లేదు అన్నవాళ్ళే రేపు ఆ చెయ్యి వైపు వేలు చూపిస్తారు. ఇంటికి వెళ్ళే బస్సులో తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో చెయ్యి చూసినట్టు చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున మేనేజరు గదిలో తొమ్మిదిమంది ఉన్నారు. పూతక్క తలుపు తోసుకుని వెళ్ళి, ఒక పొరను కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది.

"మిశ్రమం మార్చకండి సార్. తప్పు మిశ్రమంలో లేదు. నా చేతిలో ఉంది."

ఆమె మొత్తం చెప్పింది. షెడ్డు సంగతి, అంచు సంగతి, లెక్కపెట్టని ఇరవై ఒకటో కోటు సంగతి. ఇంజనీరమ్మాయి లేచి వచ్చి పొరను చేతిలోకి తీసుకుంది. "నేను ఎప్పుడూ మధ్యలోంచే కోశానక్కా" అంది నెమ్మదిగా. "అంచు చూడాలని ఒక్కసారి కూడా అనిపించలేదు."

మేనేజరు చెడ్డవాడు కాదు, తొందరమనిషి. "అయితే చేతిని తీసేద్దాం. పూత వెయ్యడానికి కొన్న మిషను చెయ్యి మూల పడుంది కదా, బాగుచేయించండి" అన్నాడు. మిషను చేతి ముక్కు అరగంటకోసారి పూడుకుపోతుందని, బాగుచెయ్యడానికి మూడు నెలలు పడుతుందని, ఎరువులవాళ్ళు మూడు నెలలు ఆగరని ఆ గదిలో అందరికీ తెలుసు.

ఇంజనీరమ్మాయి తలెత్తింది. "రెండు విడతల నుంచి నా తప్పు కోసం వెతుక్కుంటున్నా సార్. ఈవిడ తన తప్పు ఒక్క సాయంత్రంలో పట్టుకుంది. మూడో విడత ఆవిడ చేత్తోనే వేయించండి. లేకపోతే నన్ను కూడా తీసేయండి."

మేనేజరు పది రోజులు గడువిచ్చాడు. పది రోజుల్లో ఆ చెయ్యి మాట వినాలి. లేదంటే చెయ్యీ లేదు, పలచటి పూతా లేదు.

ఒక చుట్టు మానెయ్యడానికి పది రోజులెందుకని మీరనొచ్చు. పూతక్క కూడా అలాగే అనుకుంది. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ గన్నులో రంగునీళ్ళు పోసి ప్రయత్నించారు. ఇంజనీరమ్మాయి పైకి లెక్కపెట్టింది. ఐదు కాగితాలు వేస్తే నాలుగింటి మీద చెయ్యి చుట్టు తిరిగి వచ్చింది. మొదటిసారి ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. నాలుగోసారి నవ్వు రాలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళి నాన్నకు చెప్పింది. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎనభైకి దగ్గరపడినా చెవులు పాముచెవులు.

"నా చుట్టు వల్ల పాడైందా?"

"నాన్నా, అది రేకు కాదు. దానికి తుప్పు పట్టదు."

"నలభై ఏళ్ళలో నా చేతి బండి ఒక్కటి అంచు దగ్గర తుప్పు పట్టిందా? చెప్పవే!"

"లేదు నాన్నా. బండికి అది సరైనదే. దీనికి కాదు."

"మీ పొర మంచిది కాదు. నా చుట్టుకేం లోటు లేదు" అని లోపలికి వెళ్ళి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి లేవలేదు. పూతక్క మొగుడు సిటీ బస్సు డ్రైవరు. మామగారి గదిలోకి ఒకసారి, పెళ్ళాం మొహంలోకి ఒకసారి చూసి, "ఈ రూట్లో నేను నడపలేను బాబూ" అని తన పళ్ళెం తీసుకుని పక్కగదిలోకి తప్పుకున్నాడు.

తెల్లవారి పూతక్క నిద్ర లేచేసరికి నాన్న మంచం ఖాళీగా ఉంది. డాబా మీద ఏదో చప్పుడు. వెళ్ళి చూస్తే, అటక మీది పాత గన్ను దించి, దాని ముక్కులో పేరుకున్న రంగును గుండుసూదితో గీకుతున్నాడు. గోడకు అట్టముక్క ఆనించి, దాని మీద పేపరు బిగించి ఉంచాడు. పక్కన నీలంనీళ్ళ డబ్బా. ఒళ్ళో చెక్క స్కేలు.

"రా. లెక్క నేను పెడతా" అన్నాడు ఆమె వైపు చూడకుండా.

కొట్టింది. ఇరవై అనగానే చెయ్యి అంచు వైపు మళ్ళింది. మణికట్టు మీద ఫట్ మని స్కేలు పడింది. యాభై రెండేళ్ళ మనిషి, ఫ్యాక్టరీలో పదిమందిని గడగడలాడించే మనిషి, చిన్నపిల్లలా "అబ్బా" అంది. మొదటి రోజు ముప్పై పేపర్లకు పద్దెనిమిది దెబ్బలు. దెబ్బ వేసినప్పుడల్లా ఆయనే ఎక్కువ బాధపడేవాడు. "ఇదేం ఖర్మే, నేను నేర్పినదాన్ని నేనే కొట్టి మాన్పించాలా" అని సణిగేవాడు. సణుగుతూనే, "ఊఁ, ఇంకోటి" అనేవాడు. చుట్టు తప్పు అని మాత్రం పొరపాటున కూడా అనలేదు. రెండో రోజు పదకొండు. నాలుగో రోజు ఐదు. ఏడో రోజున ఒకటి, అదీ ఎదురుగా తీగ మీద పిట్ట వాలితే కలిగిన పరధ్యానం వల్ల పడింది. ఎనిమిదో రోజు ముప్పై పేపర్లు అయిపోయాయి, స్కేలు ఆయన ఒళ్ళోనే ఉండిపోయింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నీలంనీళ్ళు అయిపోయాయి" అని లేచి కిందికి వెళ్ళిపోయాడు.

పదకొండో రోజున పూతక్క గాజుగదిలో నిలబడింది. పొడి మీద ముందు నీళ్ళు పోసింది, తరవాతే ఆల్కహాలు. అది తిరగేస్తే పొడి భగ్గుమంటుంది. ఆమెకు ముందున్నాయన ఒకసారి తిరగేసి నెలరోజులు కనుబొమలు లేకుండా తిరిగాడు. ద్రావకం ఐసు గిన్నెలో పెట్టి కలిపింది, గన్నులో నింపింది. ఇంజనీరమ్మాయి గాజుకు అవతల నిలబడి పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది. ఆమె వెనక మేనేజరు. ఆయన వెనక, పని లేని వాళ్ళూ ఉండీ ఎగ్గొట్టినవాళ్ళూ.

పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. పూతక్క వేలు మీట మీది నుంచి లేచింది. చెయ్యి గాలిలో ఒక్క క్షణం నిలబడింది. చెయ్యి నేరుగా కిందికి దిగి, గన్నును దాని కొక్కేనికి తగిలించింది. ఆమె ముసుగులోపల నవ్వుకుంది. తరవాత పదకొండు పొరలకూ అలాగే దిగింది.

ఇక నలభై రెండు రోజులు ఎదురుచూపు. తొమ్మిదో రోజున ఫ్యాక్టరీలో సగంమంది ఏదో ఒక వంకతో పరీక్ష గది ముందు నుంచి నడిచారు. గీత కదల్లేదు. పదకొండో రోజున ఇంజనీరమ్మాయి పొద్దుటినుంచీ తెర ముందే కూర్చుంది. గీత కదల్లేదు. ఆ రోజు మధ్యాహ్నం ఆ పిల్ల డబ్బా మూత తీసి, అడుగు కనపడేదాకా తింది. పూతక్క ఎదురుగా కూర్చుని చూసింది. ఇరవయ్యో రోజుకు జనం చూడటం మానేశారు. పూతక్క మానలేదు. వచ్చేటప్పుడొకసారి, వెళ్ళేటప్పుడొకసారి, గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి చూసి వెళ్ళేది.

వెయ్యో గంట ఒక ఉదయం పదకొండింటికి నిండింది. గీత మొదటి రోజు ఎక్కడుందో అక్కడే ఉంది. యంత్రం విప్పి పొరలు బయటికి తీశారు. ఇంజనీరమ్మాయి ఈసారి కత్తెర ముట్టుకోలేదు. మొదటి పొరను రెండు చేతులతో పూతక్కకు అందించి, "మీరు చూడండక్కా" అంది. పూతక్క కిటికీకి ఎదురుగా ఎత్తింది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే బూడిదరంగు. దాని వెనక వీధి, ఆగి ఉన్న సైకిలు, నడిచిపోతున్న మనుషులు మసకమసకగా కనిపించారు. అంచు ఎక్కడుందో వేలుతో తడిమి తెలుసుకోవాల్సి వచ్చింది.

"పదహారు" అన్నాడు మేనేజరు. "పదహారూ ఇస్తున్నాం. కొత్తగా నలుగురిని తీసుకుంటున్నా, పూత నేర్పాలి. నువ్వే నేర్పాలమ్మా."

పూతక్కకు ఆ క్షణంలో కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. దాన్ని దాచుకోవడానికి ఆమె ప్రయత్నించలేదు, నేనూ దాచను. ఇన్నేళ్ళు అందరూ మెచ్చుకున్నప్పుడు కూడా ఆమెకు ఇంత ఇది కలగలేదు. అప్పటి పేరు నాన్న పెట్టిన పెట్టుబడి. ఇది మాత్రం తన ఒంటి మీద దెబ్బలు తిని సంపాదించుకున్నది. నాన్నకు ఫోను చేసి నిలిచిందని చెప్పింది. ఆయన "సరే, పని చూసుకో" అని పెట్టేశాడు.

సాయంత్రం ఐదింటికి ఇల్లు చేరింది. వాళ్ళుండేది మూడో అంతస్తు. రెండో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి పైన నాన్న గొంతు వినిపించింది. ఎదురింటాయనతో మాట్లాడుతున్నాడు. ఆ ఎదురింటాయన తమ్ముడు ఫ్యాక్టరీలో స్టోరు చూసుకుంటాడు, అందుకని అక్కడి గాలి వార్తలన్నీ ఈయనకు ముందే చేరతాయి.

"మంచి కబురే విన్నాం తాతగారూ. కానీ మొదట రెండుసార్లు పోయింది మీ అమ్మాయి చేతివల్లేనట కదా? మా వాడు చెప్పాడు."

పూతక్క కాలు మెట్టు మీద ఆగిపోయింది. ఇది వినాల్సి వస్తుందని ఆమెకు తెలుసు. ఇంటి గుమ్మం ముందు, అదీ నాన్న ఎదురుగా, అని మాత్రం అనుకోలేదు. సామాను మంచిది కాదంటాడో, వాతావరణం అంటాడో అని చెవులు రిక్కించింది.

"దాని చేతివల్ల కాదు" అన్నాడు నాన్న. "నా వల్ల."

"మీ వల్లేమిటండీ?"

"తప్పు నాది. అంచుకు చుట్టు తిప్పమని నేర్పింది నేను. దేనికి తిప్పాలో చెప్పా, దేనికి తిప్పకూడదో చెప్పలేదు. నాకే తెలిసి చావలేదు. అది కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకుందా? అంతమందిలో నిలబడి తప్పు నాదేనంది. ఎవడండీ అనగలిగేది అట్లా? నేను ఎనభై ఏళ్ళలో ఒక్కసారి అన్నానా?"

ఎదురింటాయన లోపలికి వెళ్ళబోయాడు. నాన్న వదల్లేదు. షెడ్డు రోజుల నుంచి మొదలుపెట్టి, ఏ బండికి ఏ రంగు ఎలా కారిందో, అందులో తన తప్పెంతో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతున్నాడు.

పూతక్క కళ్ళు తుడుచుకుని అక్కడే మెట్టు మీద చప్పుడు కాకుండా కూర్చుంది. పైకి వెళితే ఆయన మాట మార్చేస్తాడని ఆమెకు తెలుసు.